వెరియర్ ఎల్విన్: బస్తర్ వేదనను, సవరల గోడబొమ్మలను చదివిన మనిషి

ఆర్ట్ థెరపీ అనే మాటను బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ 1942లో వాడుకలోకి తెచ్చారు. దాదాపు అదే సమయంలో మరో ఆంగ్లేయుడు బస్తర్ అడవుల్లో ఆదివాసుల మనోవేదనపై పుస్తకం రాస్తున్నారు. ఆయన వెరియర్ ఎల్విన్.

ఎల్విన్ 1902 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని డోవర్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1927లో క్రైస్తవ సేవకుడిగా పుణె వచ్చారు. గాంధీకి దగ్గరయ్యారు. 1932లో మిత్రుడు శామ్‌రావ్ హివాలేతో కలిసి మండ్లా జిల్లాలోని గోండుల మధ్య స్థిరపడ్డారు. కొన్నేళ్లకు చర్చిని వదిలేశారు. 1940లో ఓ గోండు యువతిని పెళ్లాడి, 1949లో విడిపోయారు. ఈ విషయంలో ఆయనపై విమర్శలు ఇప్పటికీ ఉన్నాయి.

శబరి ఒడ్డున మన సరిహద్దును ఆనుకుని ఉన్న కొంటా, అప్పట్లో బస్తర్ సంస్థానంలో భాగం. ఆ సంస్థానపు దక్షిణ ప్రాంతంలో దున్నకొమ్ముల తలపాగాతో ఆడే మారియాలు ఎక్కువ. వారి హత్య, ఆత్మహత్య కేసుల రికార్డులను ఎల్విన్ తిరగేశారు. 1943లో పుస్తకం వచ్చింది. అనుమానం, చేతబడి భయం, తాగుడు, జబ్బు, కుటుంబ తగాదాలు... నేరం వెనుక మనసును వెతికారాయన.

తర్వాత ఒడిశాలోని గంజాం, కోరాపుట్ కొండల్లో సవరల దగ్గరికి వెళ్లారు. మన శ్రీకాకుళం కొండల్లోనూ ఉన్నది ఈ తెగవారే. అక్కడ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, ఏ దేవతకు లేదా ఏ పూర్వీకుడికి కోపం వచ్చిందో పూజారి చెబుతాడు. అప్పుడు ఎర్రమట్టి అలికిన గోడపై బియ్యప్పిండితో బొమ్మ వేస్తారు. మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు ఒకే చట్రంలో ఇమిడిపోతాయి. బొమ్మ పూర్తయ్యాక పూజారి దేవతను పిలిచి అందులో ఏమేమున్నాయో వివరిస్తాడు. లోపముంటే సరిదిద్దుతారు. 1955లో వచ్చిన సవరల మతగ్రంథంలో ఎల్విన్ ఇదంతా నమోదు చేశారు.

దీన్ని ఆర్ట్ థెరపీ అనలేం. మందులకు ప్రత్యామ్నాయమూ కాదు. అయితే పేరు తెలియని భయానికి ఒక రూపమిచ్చి, దాన్ని ఇంటిల్లిపాదీ చూసేలా చేయడం రెండింటిలోనూ ఉంది.

ఎల్విన్ 1954లో భారత పౌరుడయ్యారు. ఈశాన్య సరిహద్దు ప్రాంత పాలనకు గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశారు. 1961లో పద్మభూషణ్ అందుకున్నారు. 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో కన్నుమూశారు.

2005లో మొదలైన సల్వా జుడుం హింసతో కొంటా పరిసరాల నుంచి వేలమంది ఊళ్లు వదిలి అప్పటి ఖమ్మం అడవుల్లోకి వచ్చారు. వారి గుండెల్లో మిగిలిన భయానికి వైద్యం అందాలంటే డాక్టరూ కావాలి, వారి భాష తెలిసినవారూ కావాలి. చెప్పలేనిది గీసి చూపడానికి ఒక గోడ కూడా ఉంటే మేలు.