ముద్దాయి పక్షమున దేశబంధు

చిత్తరంజన్ దాస్ అనగానే విద్యార్థులకు గయ కాంగ్రెసు, స్వరాజ్య పక్షము, కలకత్తా మేయరు పదవి జ్ఞప్తికి వచ్చును. పాఠ్యగ్రంథములు ఆయన త్యాగమును వర్ణించినంతగా ఆయన వృత్తిని వర్ణింపవు. కాని ఆ కీర్తికి పునాది పడినది సభావేదికపై గాదు. అలీపూరు సెషన్సు కోర్టులో, ముద్దాయిల బోనుకు ముందు.

దాసుగారు 1870 నవంబరు 5వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి భువనమోహన్ దాస్ అటార్నీ, చేతికి ఎముక లేని దాత, తుదకు అప్పులపాలయ్యెను. కుమారుడు ఇంగ్లండు వెళ్లి ఐ.సి.యస్. పరీక్షలో తప్పి, బారిస్టరై తిరిగివచ్చెను. 1906లో తండ్రీకొడుకు లిరువురును దివాలా తీసినట్లు కోర్టులో ప్రకటింపవలసివచ్చెను. అట్టి స్థితిలో నున్న వకీలు రాజద్రోహపు కేసులను చేపట్టుట వ్యవహారజ్ఞానము గల పని కాదు. అయినను 1907లో 'సంధ్య' పత్రికాధిపతి బ్రహ్మబాంధవ ఉపాధ్యాయుని పక్షమునను, బిపినచంద్రపాలుని పక్షమునను ఆయనయే నిలిచిరి.

1908 ఏప్రిల్ 30వ తేదీన ముజఫర్‌పూరులో ఒక బండిపై బాంబు పడి, ఏ పాపము నెరుగని ఇద్దరు ఆంగ్ల స్త్రీలు మరణించిరి. రెండు దినములలో పోలీసులు కలకత్తాలోని మానిక్‌తలా తోటను సోదాచేసి, బారీంద్రకుమార ఘోషును, ఆయన అనుచరులను పట్టుకొనిరి. అన్నగారైన అరవిందుని కూడ నిర్బంధించిరి. చక్రవర్తిపై యుద్ధమునకు కుట్రపన్నినారనునది అభియోగము. ఋజువైనచో శిక్ష ఉరి కావచ్చును. ప్రభుత్వపక్షమున మద్రాసులో పేరు మోసిన బారిస్టరు ఎర్డ్లీ నార్టన్ దొర దిగెను. ముద్దాయిల కొరకు అరవిందుని సోదరి సరోజిని చందాలు పోగుచేసెను. ఆ ధనము కరగిపోగా మొదటి న్యాయవాదులు తొలగిరి. అప్పుడు దాసుగారు కేసును చేపట్టిరి. నెలల తరబడి వేరు పని ముట్టలేదు, బండిని, గుఱ్ఱములను అమ్మిరి, అప్పులు పెరిగినవి.

విచారణ 126 దినములు సాగెను. సాక్షులు 206 మంది; దస్తావేజులు సుమారు 4000. న్యాయాధిపతి బీచ్‌క్రాఫ్టు, అరవిందుడు కేంబ్రిడ్జిలో ఒకే కాలమున చదివినవారు; ఐ.సి.యస్. పరీక్షలో గ్రీకు భాషయందు అరవిందునిదే పైచేయి!

ఇచ్చట విద్యార్థులు గమనింపదగిన అంశము గలదు. నరేంద్ర గోసాయి అను ముద్దాయి అప్రూవరుగా మారి మేజిస్ట్రేటు ఎదుట వాఙ్మూల మిచ్చెను. 1908 ఆగస్టు 31వ తేదీన జైలు ఆసుపత్రిలో కనైలాల్ దత్తు, సత్యేంద్రనాథ బోసు అతనిని కాల్చి చంపిరి. ఆ సంవత్సరముననే ఉరికంబ మెక్కిరి. ప్రతిపక్ష న్యాయవాదులు ప్రశ్నించుటకు అవకాశము కలుగకమునుపే సాక్షి మరణించినందున, ఆ వాఙ్మూలము సెషన్సు కోర్టులో సాక్ష్యముగా చెల్లలేదు. తుపాకియే కేసు గెలిచినదని కొందరందురు. అది సగము మాట. ఎదుటివాడు ప్రశ్నించి తేల్చని మాటతో మనుష్యుని ఉరితీయరాదనునది 1872 నాటి సాక్ష్యచట్టములోని నియమము. హంతకుల కొరకు పుట్టిన నియమము కాదది. అబద్ధపు సాక్షి నోట చిక్కిన ఏ అమాయకునికైనను అదియే దిక్కు.

గోసాయి మాట పోయినను ఒక ఉత్తరము మిగిలెను. అరవిందుని ఇంట దొరికినదని పోలీసులు చూపిన ఆ లేఖలో దేశమంతట మిఠాయిలు సిద్ధముగా నుండవలెనని బారీంద్రుడు అన్నకు వ్రాసినట్లుండెను. మిఠాయిలనగా బాంబులని నార్టన్ వాదము. దాసుగారు లోకజ్ఞానముతో దానిని తూచిరి. వంగదేశమున తమ్ముడు అన్నను వరుసపెట్టి పిలుచునే గాని ఆంగ్లేయుని రీతిని ప్రియ సోదరా అని సంబోధింపడు. క్రింద ఇంటిపేరుతో పూర్తి సంతకము చేయడు. పైగా లేఖపై నున్న తేదీనాటికి సోదరు లిరువురును సూరతు కాంగ్రెసులోనే ఉండిరి. ఒకే ఊర నుండగా ఉత్తర మేల? అంత ప్రమాదకరమైన కాగితమును అరవిందుడు ఇల్లు చేర్చి భద్రపరచు టేల?

దాసుగారి తుది ప్రసంగములోని ఉపసంహార వాక్యములను పలువురు కంఠస్థము చేయుదురు. అవి మనోహరములే. కాని నా దృష్టిలో ఆ ఉత్తరముపై చేసిన విమర్శయే అంతకంటె గొప్పది. స్వాతంత్ర్యమును బోధించుట నేరమైనచో అరవిందుడు ఆ నేరము చేసినవాడే. బాంబులతో సంబంధము మాత్రము ఋజువు కాలేదు. దినముల తరబడి సాగిన వాదమంతయు ఈ భేదముపై నిలిచినది. 1909 మే 6వ తేదీన బీచ్‌క్రాఫ్టు తీర్పు చెప్పెను. ఉత్తరము సందేహాస్పదమయ్యెను, అరవిందుడు విడుదలయ్యెను. బారీంద్రునికి, ఉల్లాసకర్ దత్తునకు పడిన ఉరిశిక్షలు అప్పీలులో యావజ్జీవ ద్వీపాంతరవాసముగా మారినవి. అచ్చటను వాదించినవారు దాసుగారే. దాసుగారి 'సాగర సంగీత' కావ్యమును తరువాత అరవిందుడే ఆంగ్లీకరించుట సాహిత్యప్రియులకు ముచ్చట గొలుపు విషయము.

అటుపిమ్మట రాబడి వెల్లువయ్యెను. 1913లో, చట్టరీత్యా తీర్చనక్కరలేని పాత ఋణములను సైతము అణాపైసలతో తీర్చిరి. నాగపూరు కాంగ్రెసు అనంతరము వృత్తినే విసర్జించిరి. 1921 డిసెంబరులో తామే నిర్బంధితులై, సహాయనిరాకరణ వ్రతము ననుసరించి తమ పక్షమున వాదింపక ఆరునెలల శిక్ష అనుభవించిరి. పరులకై అంతగా వాదించినవారు తమకై మౌనము వహించిరి.

1924 అక్టోబరులో వంగదేశమున క్రొత్త ఆర్డినెన్సు వచ్చెను. అనుమానితులను మామూలు విచారణ లేకయే నిర్బంధింప వచ్చును. కలకత్తా కార్పొరేషను ముఖ్య కార్యనిర్వహణాధికారిగా నున్న సుభాష్‌చంద్ర బోసు మున్ముందుగ చిక్కినవారిలో నొకడు. దాసుగారికిది క్రొత్త శత్రువు. అలీపూరులో సాక్షి ఉండెను, ప్రశ్నింపవచ్చును. ఉత్తర ముండెను, తూచవచ్చును. ఇచ్చట అభియోగమే లేదు. వకీలు దేనిని ఖండించును? ఆ ఆర్డినెన్సును శాసనముగా మార్చు బిల్లు 1925 జనవరిలో శాసనమండలికి వచ్చినప్పుడు, తీవ్రముగ జబ్బుపడి యున్న దాసుగారిని స్ట్రెచరుపై సభకు మోసికొని వచ్చిరి. బిల్లు ఓడిపోయెను. గవర్నరు తన విశేషాధికారముతో దానిని నెగ్గించెను.

ఆ జూన్ 16వ తేదీన దార్జిలింగులో దేశబంధు మరణించిరి. సుభాషుడు అప్పటికి బర్మాలోని మాండలే కారాగారములో నుండెను. 1927 మే నెలలో విడుదలయగు వరకు ఆయనను ఏ న్యాయస్థానమునను విచారింపలేదు.