ఆలివర్ హెవీసైడ్

పాక్షిక భిన్నములు నేర్చుకొను విద్యార్థులు, ఈ లెక్కల వలన ప్రయోజనమేమని మమ్ము తరచుగ నడుగుదురు. వారికి ప్రత్యుత్తరముగ ఆలివర్ హెవీసైడ్ చరిత్రమును సంగ్రహముగ తెలుపుచున్నాము.

ఈయన 1850వ సంవత్సరము మే 18వ తేదీన లండను నగరమున నొక బీద కుటుంబమందు జన్మించెను. బాల్యమున స్కార్లెట్ జ్వరము సోకుటచే వినికిడి తగ్గెను. తోడి బాలురతో కలిసి మెలగుట కష్టమయ్యెను. పదునాఱవ యేట బడిచదువు ముగిసెను. పిమ్మట తంతి యుద్యోగమున డెన్మార్కునందును, ఇంగ్లండులోని న్యూకాసిలునందును పనిచేసి, 1874లో దానిని విడిచి, తలిదండ్రుల యింటనే యుండి, మాక్స్‌వెల్ పండితుని విద్యుదయస్కాంత గ్రంథమును గురుసహాయము లేకయే యభ్యసించెను.

తంతిలో వార్త పోవునపుడు విద్యుత్ప్రవాహ మెట్లు మారునో తెలుపు అవకలన సమీకరణములు మిక్కిలి జటిలములు. హెవీసైడ్ అవకలన క్రియకు బదులొక యక్షరమును నిలిపి, సమీకరణమును బీజగణిత భిన్నముగ మార్చెను. ఆ భిన్నమును చిన్న భిన్నములుగ విడదీసి, ఒక్కొక్కదానికి తగిన కాలరూపమును కనుగొని, వానిని మరల కూడెను.

నేటి రూపమున నొక యుదాహరణము చూతము. 1/[(స+1)(స+2)] అను భిన్నములో (స+1)ను వ్రేలితో మూసి, మిగిలినదానిలో స = −1 అని వ్రాసిన 1 వచ్చును. (స+2)ను మూసి, స = −2 అని వ్రాసిన −1 వచ్చును. కావున నా భిన్నము 1/(స+1) − 1/(స+2)కు సమానము. మొదటిది కాలముతో మెల్లగ క్షీణించు రాశిని, రెండవది త్వరగ క్షీణించు రాశిని సూచించును. ఆ రెంటి భేదమే ఫలితము. ఈ మూసివేయు పద్ధతికి నేటికిని హెవీసైడ్ పేరే కలదు.

1891లో రాయల్ సొసైటీ వారు ఈయనను సభ్యునిగ నెన్నుకొనిరి. అయినను 1894లో, ఈ పద్ధతిని గూర్చిన వ్యాసముయొక్క మూడవ భాగమును, నిరూపణము చాలదని ప్రకటింప నిరాకరించిరి. ఆ తిరస్కారము ఆయన మనస్సును నొప్పించెను. గణితజ్ఞులు నిరూపణము కోరుట న్యాయమే. హెవీసైడ్ ఫలితములును వ్యర్థములు కావు. 1916లో బ్రామ్‌విచ్ పండితుడు ఆ పద్ధతికి గణితాధారము చూపెను. తరువాతివారు ఫ్రెంచి పండితుడగు లాప్లాస్ (1749–1827) పేరిటి పరివర్తనముపై దానిని స్థిరపఱచిరి. 1922లో ప్రథమ ఫారడే పతకము నందుకొని, హెవీసైడ్ 1925 ఫిబ్రవరి 3వ తేదీన టార్కీ పట్టణమున మరణించెను.

విద్యార్థులారా! చెవిటితనమును, బీదతనమును సాకుగ జూపి ఈయన తన తలాంతును భూమిలో పాతిపెట్టలేదు. మీరును కష్టమైన లెక్కను జూచి వెఱవక, భాగములుగ విడదీయుడు. సమాధానము వచ్చిన పిమ్మట, అది యేల సరియైనదో కూడ విచారింపుడు.