మహా సర్జన్‌ను వదలని మత్తు: మీవాళ్లకు డీఅడిక్షన్ సెంటర్ వెతికే ముందు చదవండి

ఆపరేషన్ థియేటర్‌లో డాక్టర్లు వేసుకునే రబ్బరు గ్లౌజులు మీరు చూసే ఉంటారు. అవి వాడుకలోకి రావడానికి ముఖ్య కారకుడు అమెరికాకు చెందిన సర్జన్ విలియం స్టీవర్ట్ హాల్‌స్టెడ్. హెర్నియా, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లకు కొత్త పద్ధతులు తెచ్చింది ఆయనే. కొత్త సర్జన్లను ఆసుపత్రిలోనే ఉంచి ఏళ్ల తరబడి తర్ఫీదు ఇచ్చే రెసిడెన్సీ విధానానికి పునాది వేసిందీ ఆయనే. ఇంతటి మనిషి మత్తుమందుకు బానిసై, రెండుసార్లు ఆసుపత్రిలో చేరారని చాలామందికి తెలియదు. ఇంట్లో ఎవరికో మద్యమో, గంజాయో, నొప్పి మాత్రలో అలవాటై ఎక్కడ చేర్పించాలా అని మీరు మథనపడుతుంటే, ఆయన జీవితంలో మీకు పనికొచ్చే సంగతులున్నాయి.

పరిశోధనే ఉచ్చయింది

హాల్‌స్టెడ్ 1852లో న్యూయార్క్‌లో సంపన్న కుటుంబంలో పుట్టారు. 1877లో వైద్య పట్టా పొంది, యూరప్‌లో రెండేళ్లు చదువుకుని 1880లో తిరిగొచ్చారు. ధైర్యానికి పెట్టింది పేరు. ప్రసవం తర్వాత రక్తం పోయి ప్రాణం మీదికొచ్చిన చెల్లెలికి 1881లో తన రక్తమే తీసి ఎక్కించారు. అప్పటికి బ్లడ్ గ్రూపుల సంగతే ఎవరికీ తెలియదు. మరుసటి ఏడాది తల్లికి పిత్తాశయంలో రాళ్లు చేరితే అర్ధరాత్రి ఇంట్లోనే ఆపరేషన్ చేశారు. ఇద్దరూ బతికారు.

1884లో కార్ల్ కోలర్ అనే వైద్యుడు కొకైన్ చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని కనిపెట్టారు. హాల్‌స్టెడ్, ఆయన సహచరులు దాన్ని నరాల దగ్గర ఇంజెక్షన్‌గా ఇచ్చి చూశారు. ఇవాళ పన్ను పీకేముందు దవడకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌కు మూలం అదే. అయితే ఆ ప్రయోగాలన్నీ వాళ్లు తమ ఒంటి మీదే చేసుకున్నారు. కొకైన్ మనిషిని పట్టుకుని వదలదని అప్పటికి వైద్యలోకానికి తెలియదు. నెలలు తిరిగేసరికి వాళ్లలో చాలామంది దానికి బానిసలయ్యారు. కొందరు కోలుకోనే లేదు. హాల్‌స్టెడ్ పనికి రావడం తగ్గింది. 1885లో ఆయన అచ్చు వేయించిన ఒక వైద్య వ్యాసం తలాతోకా లేకుండా ఉంటుంది.

గమనించండి. ఆయన చెడు సావాసాలు పట్టలేదు, బుద్ధి తక్కువై చేసిందీ కాదు. మత్తు మెదడుకు వచ్చే జబ్బు. మీవాడు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నతో మొదలుపెడితే చికిత్స అక్కడే ఆగిపోతుంది.

ఓడ ప్రయాణం, ఆ తర్వాత ఆసుపత్రి

విలియం వెల్చ్ అనే స్నేహితుడు 1886 మొదట్లో ఆయన్ను కరీబియన్ దీవుల వైపు ఓడలో తీసుకెళ్లారు. ఊరు మారి, సముద్రపు గాలి తగిలితే అలవాటు తగ్గుతుందని ఆశ. తగ్గలేదు. మనవాళ్లు చేసే పనులు గుర్తుకొస్తున్నాయా? ఊళ్లో మేనమామ ఇంటికి పంపడం, దేవుడి ముందు ఒట్టు వేయించడం, పెళ్లి చేస్తే దారికొస్తాడని సంబంధాలు చూడటం. వీటి వెనక ప్రేమ ఉంది, కానీ ఇవేవీ వైద్యం కావు.

ఓడ దిగాక అదే ఏడాది ప్రావిడెన్స్ నగరంలోని బట్లర్ ఆసుపత్రిలో చేరారు. అది మానసిక రోగులకు పేరున్న చోటు. అక్కడ ఏడు నెలలున్నారు. కొకైన్ మాన్పించడానికి ఆ రోజుల్లో డాక్టర్లు మార్ఫిన్ ఇచ్చేవారు. ఆయనకు మార్ఫిన్ అలవాటు అలాగే పడిందని వైద్య చరిత్రకారుల అభిప్రాయం. బయటికొచ్చాక వెల్చ్ ఆయన్ను బాల్టిమోర్‌లోని తన ఇంటికి తీసుకెళ్లి, తన లేబొరేటరీలో పని ఇచ్చారు. కొన్ని నెలలకే అలవాటు తిరగబెట్టింది. 1887లో మళ్లీ బట్లర్‌లో చేరి, ఈసారి దాదాపు తొమ్మిది నెలలు ఉండాల్సి వచ్చింది.

రెండోసారి చేరాడు కదా, ఇక వీడింతే అని వెల్చ్ వదిలేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. వదల్లేదు. 1889లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరిచినప్పుడు హాల్‌స్టెడ్‌కు అవకాశం దక్కింది. 1892లో అక్కడి మెడికల్ కాలేజీకి తొలి సర్జరీ ప్రొఫెసర్ అయ్యారు. క్రిమిసంహారక మందుకు చేతులు పొక్కిపోతున్న నర్సు కరొలిన్ హాంప్టన్ కోసం సన్నటి రబ్బరు గ్లౌజులు చేయించారు. 1890లో ఆమెనే పెళ్లాడారు.

మార్ఫిన్ మాత్రం ఆయన్ను వదల్లేదు. ఈ సంగతి తెలిసిన సహ వైద్యుడు విలియం ఆస్లర్ దాన్ని రాసి రహస్యంగా దాచారు. హాల్‌స్టెడ్ 1922లో, 69వ ఏట కన్నుమూశారు. ఆస్లర్ రాత బయటపడింది 1969లో. ఏళ్ల తరబడి ఆయన తన బాధను దాచుకునే బతికారు. దాచిన జబ్బుకు వైద్యం చేయించుకోవడం ఎవరికైనా కష్టమే.

ఇవాళ మీ చేతిలో ఉన్నది

హాల్‌స్టెడ్‌కు లేని సదుపాయాలు మనకున్నాయి. మద్యం మానాక తిరగబెట్టకుండా నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులున్నాయి. హెరాయిన్, నొప్పి మందుల అలవాటుకు బ్యుప్రెనార్ఫిన్ ఉంది. అది మార్ఫిన్ జాతి మందే కదా, ఒక మత్తు పోయి మరో మత్తు వచ్చినట్టేగా అని అడుగుతారు. తేడా ఉంది. దీన్ని డాక్టర్ లెక్క ప్రకారం, పర్యవేక్షణలో, ఒక ప్రణాళికతో ఇస్తారు. ఆనాడు మార్ఫిన్‌కు ఆ ప్రణాళిక లేదు. కొకైన్‌కు నేటికీ నిర్దిష్టమైన మందు లేదు, కౌన్సెలింగే ప్రధానం. కాబట్టి అన్ని మత్తులకూ ఒకే మందు అని చెప్పే చోటును నమ్మకండి.

చేర్పించే ముందు అడగాల్సినవి

* రిజిస్ట్రేషన్ ఉందా? మెంటల్ హెల్త్‌కేర్ చట్టం-2017 ప్రకారం మత్తు సమస్యలకు చేర్చుకుని వైద్యం చేసే కేంద్రాలు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదు కావాలి. సర్టిఫికెట్ చూపించమనండి.

* సైకియాట్రిస్ట్ ఎన్ని రోజులకోసారి చూస్తారు? రాత్రిపూట డాక్టర్, నర్సు ఎవరుంటారు? రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణాపాయం కలగొచ్చు. సరైన మాత్రలు, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో దీన్ని నివారించవచ్చు. ఇలాంటివారిని డాక్టర్ లేని చోట గదిలో పెట్టి తాళం వేస్తే ప్రాణాలే పోవచ్చు. అర్ధరాత్రి మా వార్డుకు ఫిట్స్‌తో వచ్చేవారిలో ఇలాంటివారూ ఉంటారు.

* కుటుంబాన్ని కలవనిస్తారా? ఫోన్లో మాట్లాడనిస్తారా? కొట్టడం, గొలుసులతో కట్టేయడం చట్టరీత్యా నేరం. లోపలి గదులు, వంటిల్లు, మరుగుదొడ్లు చూపించడానికి వెనకాడితే వెనక్కి వచ్చేయండి.

* లివర్, గుండె, షుగర్ పరీక్షలు చేస్తారా? దిగులు, అనుమానం, నిద్రలేమి వంటివి మత్తుతో కలిసి ఉంటే వాటికీ వైద్యం చేస్తారా?

* డిశ్చార్జి తర్వాత ఏమిటి? కనీసం ఏడాది పాటు ఫాలోఅప్, కుటుంబానికి కౌన్సెలింగ్ ఉండాలి. వెల్చ్ చేసిన పని ఇదే: ఇంట్లో చోటు, చేతికి పని, పక్కన మనిషి.

* గ్యారంటీ ఇస్తున్నారా? నూటికి నూరు శాతం మాన్పిస్తామన్న మాట వినగానే లేచి వచ్చేయండి.

తెలియకుండా కలిపే మందులొద్దు

మనిషికి తెలియకుండా కూరలోనో కాఫీలోనో కలిపే పొడుల ప్రకటనలు చూస్తుంటాం. అలా ఇచ్చేవాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, పైన మద్యం తాగగానే బీపీ పడిపోయి, గుండె లయ తప్పి మనిషి పోవచ్చు. ఆ మందును డాక్టర్ సలహాతో, రోగికి తెలిసి, ఒప్పుకుంటేనే వాడాలి.

ఇంకో జాగ్రత్త. హెరాయిన్, నొప్పి మందులకు అలవాటుపడి, కొన్నాళ్లు మానేసి ఇంటికొచ్చినవారు పాత మోతాదే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది. ఆ మొదటి వారాల్లో వారిని ఒంటరిగా వదలకండి.

డబ్బు లేదని ఆగకండి. ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు, బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాలు ఈ వైద్యం చేస్తాయి. ఎటు వెళ్లాలో తెలియకపోతే మత్తు సమస్యలకు 14446, మానసిక సమస్యలకు టెలి మానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మీవాడు ఒకసారి తిరిగి తాగితే, చికిత్స వృథా అయిందని అనుకోకండి. షుగర్ మళ్లీ పెరిగితే డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టే వెళ్లండి. హాల్‌స్టెడ్ ఆసుపత్రిలో రెండోసారి చేరాకే వైద్యచరిత్రలో నిలిచే పనులు చేశారు.