ప్రేమతోనే కోప్పడ్డాడు అంటే సరిపోతుందా?



పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మేము తరచూ వినే మాట ఒకటుంది. పిల్లల మీద ప్రేమ ఉంది కాబట్టే అరుస్తున్నామని, వాళ్ల భవిష్యత్తు కోసమే ఒక దెబ్బ వేస్తున్నామని మీలో కొందరు చెబుతుంటారు. మీ ప్రేమ మీద మాకు అనుమానం లేదు. కానీ ప్రేమ ఉన్నంత మాత్రాన ఆ అరుపు, ఆ దెబ్బ ఒప్పయిపోతాయా? ఈ నెల ఒక ఫుట్‌బాల్ మేనేజర్ జీవితం చదివి, మీరే ఆలోచించండి.

ఆయన పేరు బ్రయన్ క్లఫ్. 1935లో ఇంగ్లాండ్‌లోని మిడిల్స్‌బ్రోలో, ఒక పెద్ద కుటుంబంలో పుట్టాడు. తండ్రి మిఠాయిల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ రోజుల్లో అక్కడ పదకొండేళ్లకే పిల్లలకు ఎలెవన్ ప్లస్ అనే పరీక్ష పెట్టేవారు. పాసైనవాళ్లు మంచి పేరున్న గ్రామర్ స్కూల్‌కి వెళ్లేవారు. క్లఫ్ ఫెయిలయ్యాడు. పదిహేనేళ్లకే ఏ సర్టిఫికెట్ లేకుండా బడి వదిలేశాడు.

అయితే అతని కాళ్లలో ఆట ఉంది. మిడిల్స్‌బ్రో, సండర్లాండ్ జట్ల తరఫున 274 లీగ్ మ్యాచ్‌లలో 251 గోల్స్ కొట్టాడు. 1962 డిసెంబర్ 26న బరీ జట్టుతో మ్యాచ్‌లో ఎదుటి గోల్‌కీపర్‌ని ఢీకొని మోకాలు దెబ్బతింది. మళ్లీ ఆడాలని ప్రయత్నించినా మూడు మ్యాచ్‌లకు మించి సాగలేదు. 29 ఏళ్లకే ఆటగాడిగా కథ ముగిసింది. అతని కోపానికి మూలం ఇక్కడే ఉందని చాలామంది నమ్ముతారు. కావచ్చు. తన తీరని కలను ఇంకొకరి కాళ్లతో తీర్చుకోవాలనుకునే తొందర మనకూ తెలియనిది కాదు కదా.

1965లో, 30 ఏళ్ల వయసులో, హార్టిల్‌పూల్స్ అనే చిన్న జట్టుకు మేనేజర్ అయ్యాడు. స్నేహితుడు పీటర్ టేలర్‌ని తోడు తెచ్చుకున్నాడు. తర్వాత రెండో డివిజన్‌లో ఉన్న డెర్బీ కౌంటీని పైకి తెచ్చి, 1972లో ఇంగ్లాండ్ చాంపియన్‌గా నిలబెట్టాడు. 1975లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి వచ్చాడు. అదీ రెండో డివిజన్ జట్టే. 1978లో లీగ్ గెలిపించాడు. 1979, 1980లలో వరుసగా రెండుసార్లు యూరోపియన్ కప్ తెచ్చాడు.

ఈ గెలుపులు చూసి ఆయన కోపాన్ని కూడా మెచ్చుకునేవాళ్లున్నారు. కాబట్టి ఆ కోపం ఏం చేసిందో విడిగా చూద్దాం.

1974లో లీడ్స్ యునైటెడ్‌కి వెళ్లినప్పుడు, వాళ్లు అంతవరకు గెలిచినవి నిజాయితీగా గెలవలేదని, ఆ పతకాలు చెత్తబుట్టలో వేయాలని ఆటగాళ్ల ముఖం మీదే అన్నాడు. వాళ్ల మనసు మళ్లీ గెలుచుకోలేకపోయాడు. 44 రోజులకే ఆ ఉద్యోగం పోయింది.

1981లో జస్టిన్ ఫషాను అనే యువ ఆటగాడిని పది లక్షల పౌండ్లకు ఫారెస్ట్‌కి తెచ్చాడు. ఆ కుర్రాడి వ్యక్తిగత జీవితం గురించి మాటలు చెవిన పడగానే అవమానించాడు, ప్రాక్టీస్‌కి రానివ్వలేదు, చివరికి పోలీసులను పిలిపించి మైదానం నుంచి బయటికి పంపించాడు. పాత జట్టులో గోల్స్ వర్షం కురిపించిన ఫషాను, ఇక్కడ 32 లీగ్ మ్యాచ్‌లలో మూడే గోల్స్ చేశాడు. తన చేతికింద ఉన్న ఆ కుర్రాడికి అండగా నిలవాల్సింది తానేనని, నిలవలేదని క్లఫ్ చాలా ఏళ్ల తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. అప్పటికి ఫషాను బతికి లేడు.

1989లో గెలుపు సంబరంలో మైదానంలోకి దూసుకొచ్చిన ప్రేక్షకులను కొట్టాడు. 5,000 పౌండ్ల జరిమానా పడింది. రిఫరీతో వాదించకూడదని తన ఆటగాళ్లను కట్టడి చేసిన మనిషి ఈయనే. 1991లో 19 ఏళ్ల రాయ్ కీన్ గోల్‌కీపర్‌కి ఇచ్చిన బలహీనమైన పాస్ వల్ల గోల్ పోతే, డ్రెస్సింగ్ రూమ్‌లో అతన్ని కొట్టాడు. కీన్ పగ పెట్టుకోలేదు, ఆయన్ని గొప్ప మేనేజర్‌గానే గౌరవించాడు. అయితే ఇల్లు గుర్తొచ్చి బెంగపడినప్పుడు ఐర్లాండ్‌కి వెళ్లి రమ్మని సెలవిచ్చింది కూడా ఇదే క్లఫ్. ఆ గౌరవం దెబ్బ వల్ల వచ్చిందా, ఆ సెలవు వల్ల వచ్చిందా?

జాన్ రాబర్ట్‌సన్ విషయం చూడండి. బరువు పెరిగి, సిగరెట్లు తాగుతూ, ఎవరూ పట్టించుకోని ఆటగాడు. క్లఫ్ అతనిలో ప్రతిభ చూశాడు, నమ్మాడు, ప్రతి మ్యాచ్‌లో ఆడించాడు. 1979 ఫైనల్‌లో గోల్‌కి దారితీసిన పాస్ అతనిదే. 1980 ఫైనల్‌లో ఏకైక గోల్ కూడా అతనిదే. రెండు కప్పులకూ పునాది ఆ నమ్మకమే.

ఆ కోపం చివరికి స్నేహాన్నీ మింగింది. ఇదే రాబర్ట్‌సన్‌ని 1983లో తనకు చెప్పకుండా డెర్బీకి తీసుకున్నాడని టేలర్‌తో మాట్లాడటం మానేశాడు. 1990లో టేలర్ చనిపోయాడు. అప్పటివరకు ఇద్దరి మధ్య మాటల్లేవు. తర్వాత తన ఆత్మకథను అతనికే అంకితమిచ్చాడు. తాగుడు కూడా ఆయన్ని బాగా దెబ్బతీసింది. 1993లో జట్టు కింది డివిజన్‌కి పడిపోగా రిటైర్ అయ్యాడు. 2004లో 69 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

ఆట మీద ఆయనకున్న ప్రేమ నిజం. ఆ ప్రేమ ఆయనకు కోపం ఎందుకు వచ్చిందో చెబుతుంది. కానీ ఆ కోపాన్ని ఎదుటివాడి మీద చూపించే హక్కు మాత్రం ఇవ్వదు. దెబ్బ తిని కూడా పైకొచ్చినవాడు గొప్పగా చెప్పుకుంటాడు. మనసు విరిగినవాడు మౌనంగా వెళ్లిపోతాడు. మనం మొదటివాడి మాటే వింటాం.

ఇది మీకొక్కరికే చెప్పడం లేదు. క్లాసులో గొంతు పెంచిన రోజున, పిల్లలకు ఆ పాఠం కన్నా నా ముఖమే ఎక్కువ గుర్తుంటుందని నాకూ తెలిసింది. త్వరలో ప్రోగ్రెస్ కార్డులు ఇంటికొస్తాయి. మార్కులు తగ్గితే తప్పకుండా అడగండి. ఆ సాయంత్రమే కాకుండా, కోపం చల్లారాక, పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఎక్కడ తప్పు జరిగిందో భయం లేని బిడ్డే నిజంగా చెబుతుంది.