తిక్కన వదిలేసిన ఖాళీ

ఈ నెల్లూరు సీమలో తెలుగు మాష్టారుగా పనిచేసిన ఏళ్లన్నీ తిక్కన పాఠం చెబుతూనే ఉన్నాను. ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లవాడు లేచి అడిగేవాడు: నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపితే, తిక్కన దాన్ని పూర్తిచేయకుండా విరాటపర్వంతో ఎందుకు మొదలుపెట్టాడని. ఈ సంచికకు వ్యాసం అడిగినప్పుడు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది.

ఆ పర్వం ముట్టుకుంటే అరిష్టమని భయపడ్డాడని ఒక కథ ఉంది. నాకు నమ్మబుద్ధి కాదు. కురుక్షేత్రంలోని చావులన్నీ, మౌసలపర్వంలో కృష్ణ నిర్యాణమూ రాసిన మనిషికి అరిష్టమేమిటి?

తిక్కన 13వ శతాబ్దం వాడు. తండ్రి కొమ్మన, తల్లి అన్నమ. విక్రమసింహపురి, అంటే మన నెల్లూరు, ఏలిన మనుమసిద్ధికి మంత్రి. దాయాదుల పోరులో రాజు గద్దె పోగొట్టుకుంటే ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుడి సాయం తెచ్చాడని చెబుతారు. యజ్ఞం చేసి సోమయాజి అయ్యాడు. ఇంత పని ఉన్నవాడికి తీరిక ఎంత దొరికి ఉంటుందో ఊహించుకోండి.

మొదట రాసింది నిర్వచనోత్తర రామాయణం. నిర్వచనం అంటే వచనం లేనిది. కావ్యమంతా పద్యాలే ఉండాలని నియమం పెట్టుకున్నాడు, నెగ్గాడు కూడా. అయితే రామ నిర్యాణం దాకా పోకుండా ఆపేశాడు. ఆ చివరి భాగాన్ని తరవాత జయంతి రామభట్టు పూరించాడు. నియమం నిండుగా ఉంది, కథే నిండలేదు. పాండిత్యానికి ఆ పుస్తకాన్ని మెచ్చుకుంటాం గాని, ఇష్టపడి చదివేవాళ్లు తక్కువ.

భారతం దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టుదల వదిలేశాడు. పద్యంతోపాటు వచనమూ రాశాడు. మూలంలోని భగవద్గీతను కొద్ది పద్యాలకు కుదించాడు. అరణ్యపర్వంలో ఖాళీని అలాగే ఉంచి, విరాటం నుంచి స్వర్గారోహణం దాకా 15 పర్వాలు హరిహరనాథుడికి అంకితంగా పూర్తిచేశాడు. కీచకుడి ముందు ద్రౌపది కోపం, రాయబారంలో కృష్ణుడి మాట నేర్పు మన ఊళ్లలో చదువురాని వాళ్ల నోటికి కూడా వచ్చాయంటే కారణం ఆ 15 పర్వాలే. పరీక్షలో మొదటి జవాబునే గంటసేపు దిద్దుకుంటూ కూర్చునే పిల్లలకు ఈ సంగతే చెప్పేవాణ్ణి. విన్నవాళ్లు కొందరే లెండి.

తిక్కన బతికుండగా ఆ ఖాళీ నిండలేదు. 14వ శతాబ్దంలో అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానకవి ఎర్రన దాన్ని అందుకున్నాడు. తన ప్రభువు పేర కాకుండా, నన్నయే రాస్తున్నట్టు రాజరాజనరేంద్రుడి పేరనే పూర్తిచేశాడు. నన్నయ శరత్కాలపు రాత్రుల దగ్గర ఆగాడు. ఎర్రన శరత్కాలపు ఉదయాలతో మొదలుపెట్టాడు. ఆ రాత్రికీ ఆ ఉదయానికీ మధ్య దాదాపు 300 ఏళ్లు.