ఎలుగుకు ఏ తూటా? – కెన్నెత్ ఆండర్సన్

ఆలమూరు వాణ్ణి, గౌతమి గట్టు, కొబ్బరితోటలు తప్ప అడవి ఎరుగను. ఎలుగుబంటి సంగతి నాకు తెలిసిందల్లా ఆండర్సన్‌గారి పుస్తకాల వల్లనే.

ఆయన 1910లో మన బొలారంలో జన్మించారు. బెంగుళూరులో పెరిగి, 1974లో అక్కడే కన్నుమూశారు. తిరుపతి దగ్గరి మామండూరు అడవుల్లో తిరిగిన వేటగాడు. చేతిలో .405 వించెస్టర్ రైఫిలు. దాని తూటా 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైచిలుకు.

అంత బరువెందుకంటారా? ఎలుగుకు జూలు ఒత్తు. అందువల్ల ఉన్నదానికన్నా పెద్దగా కనబడి గురి తప్పిస్తుంది. చిన్న తూటా గాయం చేస్తుందే గాని ఆపలేదు. గాయపడ్డ ఎలుగు మనిషి మొహం మీదకే వస్తుంది. ముక్కు మెత్తనైన బరువు తూటా లోపల విచ్చుకుని దాన్ని అక్కడే కూలుస్తుంది.

అర్సికెరె దగ్గర ఒక ఎలుగు ఆయన స్నేహితుడైన దర్గా సంరక్షకుని కొడుకును పొట్టన పెట్టుకుంది. మొదట దొరక్కపోయినా, ఆండర్సన్ పట్టువిడవక చివరికి దాన్ని కొట్టారు. తర్వాతి రోజుల్లో ఆయనకు తుపాకీ కన్నా కెమెరాయే ముద్దయింది.

1972 చట్టంతో వన్యమృగాలకు రక్షణ వచ్చింది. నేడు ఎలుగును వేటాడటం నేరం. ఇక ఈ తూటాల లెక్క మనకెందుకు? సగం దెబ్బ కొట్టి వదిలేస్తే, మర్నాడు పుల్లలకెళ్ళే ఆడకూతురు దానికి బలవుతుంది. మొదలెట్టిన పనికి చివరిదాకా పూచీపడాలని నేను నేర్చుకున్నది ఈ వేటగాడి దగ్గరే.