హన్నా సెనెష్

ఆపద చుట్టుముట్టిన దేశమును విడిచి సురక్షితస్థలమును చేరినవారు, మరల ఆ ఆపదలోనికే తమంతట తాము పోవుట లోకమున అరుదు. అట్లు పోయిన యూదుయువతి హన్నా సెనెష్. ఆమె జీవించినది 23 సంవత్సరములు మాత్రమే.

హన్నా 1921 జూలై 17వ తేదీన హంగెరీ రాజధానియగు బుడాపెస్టు నగరమున జన్మించెను. తండ్రి బేలా సెనెష్ పేరొందిన నాటకకర్త. ఆమెకు ఆరేండ్లు నిండకమునుపే ఆయన మరణింపగా, తల్లి కతలిన్ ఇద్దరు బిడ్డలను పెంచెను. హన్నా చదివిన ప్రొటెస్టెంటు బాలికల పాఠశాలలో యూదులు ఇతరులకంటె ఎక్కువ జీతము చెల్లింపవలసియుండెను. సహాధ్యాయినులు ఆమెను సాహిత్యసంఘమున ఒక పదవికి ఎన్నుకొనిరి. కాని యూదుబాలిక యగుటచే అది ఆమెకు దక్కలేదు. ఆ అవమానము ఆమె చూపును మార్చెను. తన జాతికి ఒక నిలయము కావలెనని తలచి హీబ్రూ భాష నేర్వసాగెను.

1939లో ఆమె పాలస్తీనాకు పోయెను. నహలాల్ గ్రామమందలి వ్యవసాయ పాఠశాలలో రెండేండ్లు చదివి, కైసరియా చెంత సముద్రతీరమునగల స్దోత్‌యామ్ సమష్టిక్షేత్రమున చేరెను. నాటకకర్త కుమార్తె అచట బట్టలుతికెను, వంటశాలలో పనిచేసెను. తీరిక వేళల కవితలు వ్రాసెను.

ఐనను మనస్సు తల్లియొద్దనే యుండెను. యూరపులో యూదుల సంహారవార్తలు వచ్చుచుండగా, 1943లో ఆమె బ్రిటిషు సైన్యమున చేరి, ఈజిప్టులో పారాచూటుతో దుముకుట నేర్చెను. శత్రుభూమిలో చిక్కిన వైమానికులను తప్పించుట సైన్యమప్పగించిన పని. తనవారిని కాపాడుట, తల్లిని వెలుపలికి తెచ్చుట ఆమె కోరిక.

1944 మార్చి నడుమ ఆమె యుగోస్లావియాలో దిగెను. కొలది దినములకే, 19వ తేదీన, జర్మను సేనలు హంగెరీని ఆక్రమించినవి. గెరిల్లా దళములతో కొంతకాలము గడిపి, సహచరులు వారించినను వినక, జూన్ నెలలో ఆమె సరిహద్దు దాటెను. అప్పటికే హంగెరీ యూదులను రైళ్లలో ఆష్విట్జ్ మృత్యుశిబిరమునకు తరలించుచుండిరి. హన్నా వెంటనే పట్టుబడెను. రేడియో సంకేతములు చెప్పుమని క్రూరముగా కొట్టిరి. ఆమె చెప్పలేదు.

అప్పుడు తల్లిని తెచ్చి ఎదుట నిలిపిరి. కుమార్తె పాలస్తీనాలో క్షేమముగా నున్నదని నమ్మిన ఆ తల్లి, గాయములతోనున్న బిడ్డను చూచెను. హన్నా క్షమింపుమని వేడుకొనెను. ఎవరిని రక్షింపవచ్చెనో ఆ తల్లియే తన మూలమున చెరపాలయ్యెను. సంకేతములు చెప్పనిచో తల్లికి ముప్పు. చెప్పినచో తన్ను నమ్మిన సహచరులకు ముప్పు. ఆమె మౌనమునే వహించెను.

అక్టోబరు 28న దేశద్రోహ నేరముపై విచారణ జరిగెను. క్షమాభిక్ష కోరుటకు ఆమె అంగీకరింపలేదు. నవంబరు 7న ఆమెను కాల్చి చంపిరి. ఆ ఉదయమే, చెరనుండి విడుదలయైన తల్లి, బిడ్డను చూచుటకు అనుమతికై ఆ కారాగారమందే తిరుగుచుండెను.

తల్లి బ్రతికి పాలస్తీనా చేరెను. 1950లో హన్నా అస్థికలను జెరూసలేమునకు తెచ్చి హెర్జల్ కొండపై ఖననము చేసిరి.

ఫలితమునే లెక్కించినచో ఆమె యాత్ర విఫలమే. హంగెరీనుండి ఒక్క సందేశమైన పంపుటకు అవకాశము చిక్కలేదు. ఐనను, లోకము తమను మరచెనని తలచిన బందీలకు, తమకొరకు తిరిగివచ్చినవారు ఒకరైన కలరని ఆమెవలన తెలిసెను.